నేను బోరబండ వాల్వుని

బోరబండ గుట్ట మీద, సిమెంటు గుంతలో, ఇనుప మూత కింద ఉంటాను. లైన్‌మన్ పొడుగాటి రాడ్డు నా తలకు తగిలించి తిప్పితేనే నోరు తెరుస్తాను. నా ప్యాకింగ్ దగ్గర కారే తడిలో రెండు కప్పలు కాపురముంటున్నాయి. "అన్నా, మా డ్రమ్ము ఇంకా నిండలే, జర పది నిమిషాలు ఇడువు!" అని పైగల్లీ అక్క కేకేస్తుంది. ఆ పది నిమిషాలు కిందిగల్లీ వాటాలోంచి పోతాయి.

నా గొంతులో ఎక్కువగా పారింది మంజీర నీరే. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా వచ్చే ఆ నదిని సింగూరు డ్యాం దాదాపు 30 టీఎంసీల మేర పట్టి ఉంచగలదు. ఆ గేట్లదీ నాదీ ఒకటే పని. నేను మూసుకుంటే గల్లీ తిడుతుంది. అవి మూసుకుంటే దిగువన ఘనపురం ఆనకట్ట కింది రైతులు రోడ్డెక్కుతారు. చేపలకు అర్జీ రాయడం రాదు. తొలకరి వరద వస్తేనే అవి ఎదురీది గుడ్లు పెడతాయి, ఆ వరద డ్యాం దగ్గరే ఆగిపోతుంది. ఒండ్రుమట్టీ అంతే. ఇదే నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ పూడికతో నిల్వ తగ్గిపోయి, తర్వాత ఎత్తు పెంచుకోవాల్సి వచ్చింది.

అలాగని ఆనకట్టలన్నిటినీ తిట్టలేను. సంగారెడ్డి దగ్గర మంజీర బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లలోనే తుంగ పెరిగింది, మొసళ్లు స్థిరపడ్డాయి, వలస బాతులు దిగాయి. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు. కానీ ఆ మడుగునే నగరమూ తాగుతుంది కదా! 2016 వేసవిలో అడుగంటితే మొసళ్లు మిగిలిన గుంటల్లో కిక్కిరిశాయి. నగరానికి అప్పుడు ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు ఆదుకున్నాయి. మంజీర కందకుర్తి దగ్గర కలిసేదీ ఆ గోదావరిలోనే, ఎల్లంపల్లికి చాలా ఎగువన. అంటే పైన ఎండగట్టిన నదినే కింద మళ్లీ తోడుకున్నామన్నమాట.

మహాశివరాత్రికి ఏడుపాయల జాతరలో జనం స్నానాలు చేయాలని సింగూరు నుంచి నీళ్లు వదులుతారు. వదలాల్సిందే, దుర్గమ్మ జాతర మరి. తొలకరిలో నాలుగు రోజులు చేపల కోసం వదలమంటే మాత్రం, తాగేనీళ్లు వృథా చేస్తారా అని కోప్పడతారు. రోజూ వృథాగా కారే నా ప్యాకింగ్ మార్చమని మాత్రం లైన్‌మన్ ఎన్నాళ్లుగా అడుగుతున్నాడో!