కాలిబాటల శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

విషయం: శ్రీశైలం నాలుగు ద్వారాల నడకదారులను ఒకదానితో ఒకటి కలపడం గురించి.

తమరి శాఖ ఇంకా పుట్టలేదని తెలుసు. అయినా ఈ అర్జీ ఎవరికి పెట్టుకోవాలో తోచక తమరికే రాస్తున్నాను. రోడ్లకు ఒక శాఖ ఉంది. అడవికి, గుడికి, గిరిజనులకు, టూరిజానికి తలా ఒకటి ఉంది. వీటన్నిటి మధ్య నుంచి నడిచిపోయే మనిషికే ఏ శాఖా లేదు. ఎప్పటికైనా తమరి నియామకం జరిగితే, మొదటిరోజు టేబుల్ మీద ఈ కాగితమే కనబడాలని నా కోరిక.

తమరికి పెద్ద శ్రమ కూడా లేదు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం శ్రీశైలానికి ద్వారాలని పెద్దలు ఏనాడో చెప్పిపెట్టారు. పటం తయారుగా ఉంది కనుక డీపీఆర్ ఖర్చు మిగిలింది. చిక్కల్లా 2014లో రాష్ట్రం విడిపోయిన తర్వాతిది. రెండు ద్వారాలు ఒక రాష్ట్రానికి, రెండు ఇంకో రాష్ట్రానికి పోయాయి. ఒకే నల్లమల అడవికి ఇటు నాగార్జునసాగర్-శ్రీశైలం, అటు అమ్రాబాద్ అని రెండు టైగర్ రిజర్వులు. నువ్వు ఏ రాష్ట్రం పులివని అడిగే ధైర్యం మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు.

శ్రీశైలం నడకదారుల్లో ప్రాణంతో ఉన్నది ఆత్మకూరు వైపుది. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలం వెళ్లింది ఇటుగానే. అంతకు ఐదొందల ఏళ్ల ముందే ప్రోలయ వేమారెడ్డి ఈ కొండకు మెట్లు కట్టించాడు. ఇప్పటికీ శివరాత్రికి, ఉగాదికి కన్నడ భక్తులు వేలకొద్దీ ఈ అడవిలో నడిచి వస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని వాళ్ల నమ్మకం. ఈ అడవి గిరిజనులైన చెంచులేమో తమ పిల్లను చేసుకున్నాడు కాబట్టి మల్లన్న తమ అల్లుడంటారు. లెక్కప్రకారం వీళ్లు సవతుల పుట్టింటివాళ్లు, ఎదురుపడితే తగవు రావాలి. అక్కడ జరిగేది మాత్రం అన్నదానం. దారి పొడవునా మంచినీళ్లు, మజ్జిగ, అన్నం అందించేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. వాళ్లను పిలిచిన శాఖ లేదు, జీవో లేదు. పండగయ్యాక మిగిలేది ప్లాస్టిక్. అదొక్కటే ఎవరిదీ కాదు.

ఉత్తరాన సలేశ్వరం జాతర ఉంది. చైత్ర పౌర్ణమికి కొద్దిరోజులు అడవి గేటు తెరుస్తారు. అక్కడ పూజారులు చెంచులే. పడమటి దారి సంగతి వేరు. శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నే రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడే లేచిపోయాక దారిని ఎక్కడని వెతుకుతాం? ఆ ముక్కకు పడవ కట్టించాలి.

ఇవన్నీ కలిపేదెవరు, చూసుకునేదెవరు అంటారా? అమెరికాలో అపలాచియన్ కొండల వెంట ఒకే బాట ఉండాలని బెంటన్ మెకాయ్ 1921లో ఒక వ్యాసం రాశాడు. 1937కల్లా బాట కలిసింది. నేడది 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్లు. దానికి చట్టం అండ దొరికింది 1968లో. మొదటినుంచీ చూసుకుంటున్నది స్థానిక క్లబ్బులవాళ్లు, ఒక్కో క్లబ్బుకు ఒక్కో ముక్క. పడిన చెట్టు తీయడం, గుర్తులకు రంగు వేయడం వాళ్ల పనే. మనకు క్లబ్బులు లేకపోతేనేం, అన్నదాన కమిటీలున్నాయి. ఒక్కో కమిటీకి ఒక్కో మజిలీ రాసివ్వండి, ప్లాస్టిక్‌తో సహా.

పులుల అడవిని ఏడాది పొడవునా తెరవమని నేనడగను. 2023లో తిరుమల అలిపిరి నడకదారిలో ఒక చిన్నపిల్లను చిరుత పొట్టనబెట్టుకున్నాక భక్తుల చేతికి కర్రలిచ్చారు, గుంపులుగా పంపారు. నల్లమలలో కర్రకంటే తోడు మేలు. ఆ తోడు చెంచుది కావాలి, కూలి ఏ రోజుది ఆ రోజే అందాలి. ఏ దారి ఎన్నిరోజులు తెరవాలో వాళ్ల గ్రామసభను అడగాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది కూడా. ఇంకొక్క మనవి, పాతమెట్లకు టైల్స్ అంటించకండి.

వచ్చే ఉగాదిలోపు నాలుగు ద్వారాల ఊళ్ల పెద్దలను, చెంచు పెంటల (గూడేల) పెద్దలను, రెండు రాష్ట్రాల అటవీ అధికారులను ఆత్మకూరులో ఒకచోట కూర్చోబెట్టండి. తమరు నడిచి రావాలని లేదు, కారులోనే రండి.

ఇట్లు,
ఏ శాఖకూ చెందని ఒక పాదచారి