పేరు అక్కర్లేదు, ఊరు చెప్తే చాలు

మా అన్న కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. అంటే కంపెనీ హైదరాబాద్‌లో ఉంటుంది, ఉద్యోగం మాత్రం బండి ఆత్మకూరులో మా మిద్దె మీది గదిలో జరుగుతుంది. ఆ గదిలో సగం వాడిది, సగం పోయినేడు ధర లేక అమ్మకుండా పెట్టిన వడ్ల మూటలది. మూటలకు ధర పెరగలేదు, వీడికి జీతం పెరగలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఓపిగ్గా ఉన్నారు. మీటింగులో మూటలు కనపడకుండా వాడు వెనక ఒక బొమ్మ పెట్టుకుంటాడు. దాన్నిండా సముద్రం, రెండు కొబ్బరిచెట్లు. మా అమ్మ ఒకసారి తొంగి చూసి, "మనకు చెప్పకుండా యాడికి పోయినాడు వీడు?" అని బెంగపడింది.

ఒక మంగళవారం పొద్దున్నే, ఉగ్గాని తింటుండగా, వాడు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టినాడు. "చిన్నాయనా, ఇది చూడు."

కంపెనీ వాళ్ల మెయిల్. ఏటేటా ఉద్యోగుల మనసు తెలుసుకునే సర్వే అట. మీ పేరు ఎవరికీ తెలియదు, దాపరికం లేకుండా చెప్పండి, మన సంస్థలో కొత్త ఆలోచనలకు ఎల్లప్పుడూ స్వాగతం, అని రాసినారు. బాగుంది. దాని కింద ఇంకో మెయిల్. వీడి పేరు పెట్టి, 'మీరు ఇంకా పేరు లేని సర్వే పూర్తి చేయలేదని గమనించాం' అని.

"పేరే తెలియకపోతే నువ్వు చేయలేదని ఎట్ల తెలిసింది రా?"

"అది వేరే చిన్నాయనా. ఎవరు చేసినారో తెలుస్తుంది, ఏం రాసినారో తెలియదు. బయటి కంపెనీ నడుపుతుంది." చెప్తున్నంతసేపూ వాడి కళ్లు నా మీద లేవు, మూకుడులోని మిరపకాయ బజ్జీల మీద ఉన్నాయి.

మా అమ్మ కల్పించుకుంది. "అడిగేదెవురు?"

"కంపెనీ, జేజీ."

"జీతమిచ్చేదెవురు?"

"కంపెనీనే."

"అయితే బాగుందని రాసి తిను. చల్లారిపోతాంది."

సర్వే శాస్త్రం ఇక్కడికి పూర్తయింది. నా కాలమ్ పూర్తి కాలేదు కాబట్టి ముందుకు పోదాం.

మా జిల్లా జనానికి ప్రశ్నలు కొత్త కాదు. 2017 ఆగస్టులో నంద్యాల ఉప ఎన్నిక వచ్చినప్పుడు ఎక్కడెక్కడి సర్వేల వాళ్లో ట్యాబులు పట్టుకుని దిగినారు. మా మండలం శ్రీశైలం నియోజకవర్గంలో ఉంది, ఆ ఎన్నికలో మాకు ఓటే లేదు. అయినా నంద్యాల బస్టాండులో ఒక కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. ఓటు లేదంటే వదల్లేదు, "ఉంటే ఎవరికేస్తారు సార్?" అన్నాడు. ఓటు లేదు కాబట్టి ధైర్యంగా చెప్పినాను. నా పక్కన కూర్చున్న నంద్యాల పెద్దాయనకు ఓటు ఉంది. ఆయన "చూద్దాం నాయనా" అని తుండు దులుపుకుని లేచిపోయినాడు. ఉన్నవాడు చెప్పలేదు, లేనివాడు చెప్పినాడు. నా జవాబు ఏదో ఒక పార్టీ శాతంలో ఇప్పటికీ భద్రంగా ఉండే ఉంటుంది. చివరికి భూమా బ్రహ్మానందరెడ్డి 27,466 ఓట్ల ఆధిక్యంతో గెలిచినారు. అందులో నా పాత్ర ఏమీ లేదు.

వీవీప్యాట్ అద్దంలో మన చీటీ ఏడు సెకన్లు కనపడి పెట్టెలో పడిపోతుంది. మా వాళ్లు ఆ ఏడు సెకన్లు కూడా ఎక్కువే అనుకునే రకం. సర్వే అక్కర్లేని ఎన్నిక ఈ గడ్డ మీద ఒకటే జరిగింది. 1991 నవంబరులో ప్రధానిగా ఉన్న పీవీ నరసింహారావు నంద్యాల లోక్‌సభకు నిలబడ్డారు, తెలుగుదేశం పార్టీ అభ్యర్థినే పెట్టలేదు, మెజారిటీ 5 లక్షల 80 వేలు దాటింది. ఆ ఎన్నికకు జోస్యం చెప్పినవాడెవడైనా ఉంటే ఈపాటికి పీఠం పెట్టుకుని ఉండేవాడు.

పీఠాలు ఎంతకాలం నిలుస్తాయో మనకు తెలుసు. ఆంధ్రా ఆక్టోపస్ అని బిరుదు తెచ్చుకున్న లగడపాటి రాజగోపాల్ 2018లో తెలంగాణ కాంగ్రెస్ కూటమిదే అన్నారు. టీఆర్ఎస్‌కు 119లో 88 వచ్చినాయి. 2019లో ఇక్కడ తెలుగుదేశానికి నూరు, అటూ ఇటూ పది అన్నారు. అటూ కాలేదు, ఇటూ కాలేదు, 23 వచ్చినాయి. ఇక సర్వేల జోలికి రానని ఆయన ప్రకటించేశారు. 2024 జూన్ 1 సాయంత్రం టీవీ పెడితే ఆరా మస్తాన్ వైఎస్సార్సీపీకి 94 నుంచి 104 అంటారు, కేకే సర్వే తెలుగుదేశం కూటమికి 161 అంటుంది. మూడు రోజులకు పెట్టె తెరిస్తే కూటమికి 164. ఒకే రాష్ట్రం, ఒకే జనం. ఈ సర్వేలవాడికి ఒక మాట, ఆ సర్వేలవాడికి ఒక మాట చెప్పినారు. అతిథిని బట్టి వంట.

వీళ్లు కనీసం ఎండలో తిరిగినోళ్లు. ఆన్‌లైన్ పోల్‌కు ఆ బాధ కూడా లేదు. నొక్కినవాడే జనం, నొక్కనివాడు పుట్టనే లేదు. ఇది ఇంటర్నెట్ తెచ్చిన రోగమని కొందరంటారు. కాదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక అధ్యక్ష ఎన్నిక మీద దాదాపు కోటి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చినాయి. లాండన్ గెలుస్తాడని అచ్చేసింది. గెలిచింది రూజ్‌వెల్ట్, 48 రాష్ట్రాల్లో 46. పత్రికవాళ్లు చిరునామాలు ఎక్కడ ఏరినారంటే టెలిఫోన్ డైరెక్టరీల్లో, కార్ల రిజిస్టర్లలో. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాడు ఎవరి పక్షమో మా ఊరి తలారిని అడిగినా చెప్పేవాడు. ఆ పత్రిక రెండేళ్లకు మూతపడింది. గ్యాలప్ అనే ఆయన అంతకంటే చాలా తక్కువ మందిని, కానీ అన్ని రకాల వాళ్లనూ కలిపి అడిగి, సరిగ్గా చెప్పినాడు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి నాలుగు మెతుకులు చాలు, కానీ అడుగు నుంచి కూడా కలబెట్టి తీయాలి. ఆన్‌లైన్ పోల్ పైన పొంగిన నురగను చూసి అన్నం ఉడికిందంటుంది.

మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకాయన పోల్ పెట్టినాడు. 'మురుగు కాలువ తీయించడానికి ఇంటికింత చందా వేసుకుందామా?' వేసుకుందాం, వద్దు, ఆలోచిద్దాం. అరగంటలో 'వేసుకుందాం' గెలిచింది. వాట్సాప్‌లో ఎవరు దేనికి నొక్కినారో అందరికీ కనపడుతుంది. అందుకే 'వద్దు' మీద ఎవరూ వేలు పెట్టలేదు, ఒక్కాయన తప్ప. ఆయన కళ్లజోడు లేక నొక్కినాడు. సాయంత్రానికి ఆయనకు నాలుగు ఫోన్లు వచ్చినాయి, ఒకటి కువైట్ నుంచి. గెలిపించినవాళ్లలో సగం కువైట్లో, బెంగళూరులో ఉన్నారు. కాలువ పక్కన దోమలతో కాపురం చేసే ముసలమ్మకు ఉన్నది బటన్ల ఫోను. చందా వసూలుకు పోతే 'వేసుకుందాం' అన్న మహానుభావులు తలుపు సందులోంచి "చూద్దాం అన్నా" అన్నారు. ఆ పోల్‌లో ఈ మాట కూడా పెట్టి ఉంటే వందకు వంద వచ్చేది.

కంపెనీల కథలోకి వద్దాం. మావాడి కంపెనీలో సంస్కృతి చాలా గొప్పదట. సంస్కృతి అంటే మా అమ్మ ఉగాది పచ్చడి అనుకుంది. కాదు, శుక్రవారం పిజ్జా. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఆఫీసులో పెడతారు, ఇంటి నుంచి చేసేవాళ్లకు కూపన్ పంపుతారు. ఒక శుక్రవారం వీడు ఆశగా నొక్కినాడు. 'మీ ప్రాంతానికి త్వరలో వస్తున్నాం' అని బొమ్మతో సహా వచ్చింది. వాళ్లు వచ్చేలోపు వీడు జొన్నరొట్టె తిని పడుకున్నాడు.

హైదరాబాద్‌లోనే హార్వెస్టింగ్ రోబోటిక్స్ అనే కంపెనీ 2025లో డెన్వర్ అనే కుక్కను చీఫ్ హ్యాపీనెస్ ఆఫీసర్‌గా చేర్చుకుంది. గోల్డెన్ రిట్రీవర్. కోడ్ రాయదు, వచ్చి అందరినీ సంతోషపెట్టి పోతుంది. ఆ కంపెనీ చేసేది లేజర్‌తో చేలో కలుపు తీసే యంత్రాలు. ఈ కబురు కలుపుకొచ్చిన ఆడవాళ్లకు చెప్పినాను. యంత్రం సంగతి వాళ్లు పట్టించుకోలేదు, "కుక్కకు జీతమెంత?" అని అడిగినారు. నాకు ఆ కుక్క మీద గౌరవమే ఉంది. సంతోషంగా ఉన్నావా అని కాగితం ఇవ్వకుండా, వచ్చి పక్కన కూర్చునే ఆఫీసర్ అదొక్కటే.

కాగితం ఇస్తే ఏమవుతుందో 2024 డిసెంబరులో దేశమంతా చూసింది. యెస్‌మేడమ్ అనే కంపెనీ, ఇంటికొచ్చి అందం దిద్దే సేవలవాళ్లు, పనిలో ఒత్తిడి ఉందా అని ఉద్యోగులను సర్వేలో అడిగి, ఉందన్నవాళ్లను తీసేసినట్టు ఒక మెయిల్ బయటికొచ్చింది. గోల జరిగినాక, ఎవరినీ తీసేయలేదు, ఒత్తిడి గురించి అవగాహన కలిగించడానికే అట్ల చేశామని చెప్పుకున్నారు. అవగాహన బాగానే కలిగింది. ఆ రోజు నుంచి మావాడు ఏ సర్వేలోనూ ఒత్తిడి అనే మాట దగ్గరికి పోలేదు.

కంపెనీలకొచ్చే బిరుదుల సంగతి కూడా తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. సత్యం కంప్యూటర్స్‌కు 2008లో మంచి కార్పొరేట్ పాలన చేస్తున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు తానే ఉత్తరం రాసి, లెక్కల్లో వేల కోట్లు లేవని ఒప్పుకున్నారు. నెమలిని వెనక్కి తీసుకున్నారు.

మా చేలో నాట్లకొచ్చే గుంపుకు అవార్డు లేదు, సర్వే లేదు. ఎకరాకింత అని ఆ గుంపు పెద్దమ్మ గుత్త మాట్లాడుతుంది. సద్దికి కూర్చున్నప్పుడు గట్టు మీది నీళ్ల బిందెను ఒకసారి చూస్తుంది, మబ్బును ఒకసారి చూస్తుంది, మనల్ని ఒకసారి చూస్తుంది. ఏదైనా తేడా చేసినామంటే తెల్లారి ఆ గుంపు కేసీ కాలువ అవతల ఇంకొకరి మడిలో ఉంటుంది. మనం గట్టు మీద ఒంటరిగా నిలబడి ఫలితాలు చదువుకోవాల. పోయినేడు నేను చదువుకున్నాను.

మావాడికి కాలువ దాటే వీలు లేదు, నెల నెలా ఈఎంఐ ఉంది. అందుకని ఆ మంగళవారం రాత్రి మిద్దె మీద మూటల మధ్య ఇద్దరం కూర్చుని సర్వే తెరిచినాం. నలభై దాకా ప్రశ్నలు. ప్రతిదానికీ అయిదు మొహాలు, ఏడుపు నుంచి నవ్వు దాకా. 'నా మేనేజర్ నా మాట వింటారు.' వాడి వేలు ఏడుపు మొహం మీద ఒక్క క్షణం ఆగింది, అక్కణ్ణుంచి మెల్లగా జారుతూ నవ్వు మొహం మీదికొచ్చి పడింది. 'తప్పు చేసినా భయపడకుండా చెప్పగలను.' నవ్వు. ఈ నవ్వు నొక్కడానికి కొంచెం భయపడ్డాడు. 'పని వేళలు నాకు అనుకూలం.' అప్పుడు రాత్రి పదకొండున్నర, ఇంకో కిటికీలో ఆఫీసు పని తెరిచే ఉంది. నవ్వు. మధ్యలో కరెంటు పోయింది. ఫోన్ వెలుతురులో ఇంకో పన్నెండు నవ్వులు నొక్కినాడు.

కడపటి పేజీలో 'మీ గురించి' అని ఉంది. పేరు అడగలేదు, మాట మీద నిలబడినారు. వయసు ఎంత, ఆడా మగా, ఏ విభాగం, చేరి ఎన్నేళ్లయింది, ఏ ఊరి నుంచి పనిచేస్తున్నారు. ఊళ్ల జాబితాలో హైదరాబాద్, బెంగళూరు, పూణె, చివర 'ఇతరములు, దయచేసి రాయండి'.

వాడు 'బండి' అని కొట్టి ఆగినాడు.

"చిన్నాయనా, మా కంపెనీలో బండి ఆత్మకూరు నుంచి నేనొక్కడినే."

నవ్వులే కదా నొక్కింది, భయమెందుకు అన్నాను. "ఇన్ని నవ్వులు ఒక్కడే నొక్కినాడంటే అనుమానం రాదా?" అన్నాడు. వాడి తెలివికి వడ్ల మూటలు కూడా కదిలి ఉంటాయి. చాలాసేపు ఆలోచించి 'బండి' తుడిపేసి, జాబితాలో అన్నిటికంటే ఎక్కువ మంది ఉండే ఊరు ఎంచుకున్నాడు. హైదరాబాద్. పంపించి, హాయిగా నిద్రపోయినాడు.

పది రోజులకు ఫలితాలొచ్చినాయి, రంగురంగుల బొమ్మలతో. హైదరాబాద్ ఆఫీసులో ఉన్నవాళ్లు మిగతా అందరికంటే సంతోషంగా ఉన్నట్టు సర్వేలో తేలిందట. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల నుంచి జవాబులే సరిగా రాలేదట. అందరికీ ఆ సంతోషం అందాలన్న ఉద్దేశంతో, వచ్చే ఒకటో తేదీ నుంచి ప్రతి ఒక్కరూ ఆఫీసుకే రావాలట. ఉద్యోగుల అభిప్రాయం మేరకే ఈ నిర్ణయం అని కింద రాసినారు.

"ఆ సంతోషపడిందెవురు రా?" అంది మా అమ్మ. వాడు పలకలేదు.

ఆదివారం రాత్రి బస్టాపు కాడికి నేనే తోడు పోయినాను. బ్యాగులో లాప్‌టాప్, సంచిలో బొరుగులు, ఊరగాయ జాడీ. బస్సు గంటన్నర లేటు. దోమలు కొట్టుకుంటా నిలబడినాం. వాడి ఫోన్ టింగుమంది. టికెట్ బుక్ చేసిన ఆప్ నుంచి మెసేజ్. 'మీ ప్రయాణం ఎలా జరిగింది? రేటింగ్ ఇవ్వండి.'

వాడు రోడ్డు వైపు చూసినాడు. బస్సు జాడ లేదు. అయిదు నక్షత్రాలూ నొక్కి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.