భూకంపం వేళ వినకూడని మాటలు

‘మన నరసాపురానికి భూకంపాలేంటండీ, కొండలా గుట్టలా!’ అంటారు. ముందు ఈ మాటే వినకండి. 2001 జనవరి 26న కచ్‌లో భూమి కంపిస్తే రెండొందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. అక్కడి నేల సబర్మతి వేసిన ఒండ్రు. మనది వశిష్ఠ గోదావరి వేసిన ఒండ్రు. మెత్తటి నేలలో కుదుపు పెరుగుతుంది.

‘కదలగానే బయటికి పరుగెత్తు, మేడ మీదుంటే దూకెయ్.’ దూకితే మడమలు చితుకుతాయి, వాటితోపాటు నడుములో వెన్నుపూస కూడా విరగొచ్చు. పరుగెత్తినవాళ్ల మీద పిట్టగోడా పెంకులూ పడతాయి. తలుపు పక్కనే ఉండి, ఎదురుగా ఖాళీ వాకిలి ఉంటే సరే. లేకపోతే గట్టి బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోవాలి.

‘వేళ్లు ఆడిస్తున్నాడుగా, విరగలేదులే.’ విరిగినా ఆడతాయి. ఎక్స్‌రే తీయించాల్సిందే.

నాకు అన్నిటికంటే భయం వేసే సలహా ఒకటుంది: ‘బిగించి కడితేనే ఎముక అతుక్కుంటుంది.’ పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టే కట్లమీద మనవాళ్ల నమ్మకం ఈనాటిది కాదు. కానీ గోడ కింద నలిగిన కాలు వేరు. ఎముకతోపాటు కండా నలుగుతుంది, గంటగంటకీ వాస్తుంది. పైన కట్టు సాగదు, లోపల వాపు ఆగదు. నెత్తురు అందక కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. ఆ తర్వాత చెయ్యి వంకరపోవచ్చు, కాలు తీసేయాల్సి రావొచ్చు. బద్దలు పెట్టండి, కదలకుండా వదులుగా కట్టండి, వేళ్లు బయటికి కనపడనివ్వండి. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, మనం మెల్లగా చాపితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చినా కట్టు వెంటనే విప్పేసి ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆలస్యం చేస్తే ఆ కాలు దక్కదు.

‘బయటికొచ్చిన ఎముకను లోపలికి నెట్టి పసుపు అద్దు.’ వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పండి, అంతే. యాంటీబయాటిక్, ధనుర్వాతం సూది ఎంత తొందరగా పడితే అంత మేలు.

‘బరువు కింద ఉన్నవాణ్ణి గుంజెయ్యండి!’ అప్పుడే పడిన బరువైతే తీసెయ్యాలి. గంటలు గడిచిపోతే మాత్రం, బరువు తీయగానే నలిగిన కండలోని పొటాషియం ఒక్కసారిగా గుండెకు చేరుతుంది, కండ విషాలు కిడ్నీలను మూసేస్తాయి. 1941లో లండన్ బాంబు శిథిలాల్లో చిక్కినవాళ్లలో బైవాటర్స్ అనే డాక్టరు దీన్ని వివరించాడు. పైకప్పు ఇంకా కూలేలా లేకపోతే 108 వాళ్లు సెలైన్ ఎక్కించేదాకా ఆగండి.

తీశాక చంకల్లో చేతులేసి ఆటోలో కూలేయొద్దు. తలనూ నడుమునూ ఒకే వరసలో ఉంచి తలుపు రెక్క మీదికి దొర్లించండి. ఎప్పుడు చిక్కాడో, ఎప్పుడు తీశారో టైము కాగితం మీద రాసి అతని జేబులో పెట్టండి. డాక్టరుకు అది కావాలి.