నీటిగుంటపై ఆడిట్ అభ్యంతరం

వీధిలో నీటిగుంట పెద్దదైందని మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. గుంట చిన్నదైపోయిందని, మునుపున్నన్ని నీళ్ళు మళ్ళీ పోసి తీరాలని పట్టుబట్టినవాళ్ళు మాత్రం నాకు తెలిసి 2018 ఆగస్టు నెలాఖరులోనే పుట్టారు. వాళ్ళలో నలుగురు మా హాల్లోనే, మా ఆవిడ వేసిన పకోడీలు నములుతూ దొరికారు.

ఆ గుంట ఉన్నది న్యూయార్క్‌లో. అదీ మేస్త్రీలు కట్టిన న్యూయార్క్ కాదు. కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో ఇన్‌సామ్నియాక్ గేమ్స్ అనే కంపెనీవాళ్ళు ప్లేస్టేషన్ 4 కోసం కంప్యూటర్లో కట్టిన న్యూయార్క్. ఆ ఊరికి దిక్కూ మొక్కూ స్పైడర్‌మ్యాన్. గేమ్ తయారవుతోందని 2016లో చాటింపు వేశారు. 2017 జూన్‌లో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఈ3 ప్రదర్శనలో ఒక ఘట్టం చూపించారు. సగం కట్టిన భవనం, ముసుగు దొంగలు, వాళ్ళ మధ్య మన వీరుడు, కింద నిగనిగలాడే నీళ్ళు. ఏడాది దాటాక, గేమ్ అంగళ్ళకు వచ్చే ముందు, అదే ఘట్టం మళ్ళీ బయటికొచ్చింది. దొంగలున్నారు. భవనముంది. వీరుడున్నాడు. నీళ్ళు తగ్గాయి.

“డౌన్‌గ్రేడ్ రా ఇది! క్లియర్‌గా డౌన్‌గ్రేడ్!” అంటూ మావాడు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి టీవీకెక్కించాడు. కళ్ళజోడు కుర్రాడు లేచి తెర దగ్గరికెళ్ళి, స్కేలు లేదు గనక వేళ్ళతో కొలిచాడు. గుంటూరు కుర్రాడు మాత్రం నీళ్ళు తగ్గినా సూటు మీద నేత బాగా తేలిందని ఏదో సర్దిచెప్పబోయాడు. మిగతా ముగ్గురూ వాణ్ణి కంపెనీవాళ్ళ దగ్గర డబ్బు తిన్నవాణ్ణి చూసినట్టు చూశారు.

మా ఆవిడకు ఇదంతా పిచ్చిలా కనిపించింది. నాకు కనిపించలేదు. సర్వీసంతా ఆడిట్ శాఖలో గడిపి రిటైరైనవాణ్ణి, ఆ నలుగుర్నీ చూస్తే నాకు కడుపు నిండిపోయింది. ఎస్టిమేట్‌లో చూపిన నీళ్ళు ఎం-బుక్‌కు, అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకానికి, ఎక్కలేదు. తేడా ఎక్కడికి పోయిందో కాంట్రాక్టరు చెప్పాలి. ఇంత చిన్న పాయింటు పట్టుకోవడానికి మా ఆఫీసులో కుర్రాళ్ళకు రెండు ట్రైనింగులూ టీయే డీయేలూ ఇవ్వాల్సి వచ్చేది. వీళ్ళు పకోడీలకే పట్టేశారు.

కంపెనీవాళ్ళు కూడా మా కాంట్రాక్టర్లలాగే జవాబిచ్చారు. గుంట సైజు మార్చామంతే, నాణ్యత ఎక్కడా తగ్గించలేదన్నారు. గేముల బొమ్మల్ని భూతద్దం పెట్టి చూసే డిజిటల్ ఫౌండ్రీ వాళ్ళు కూడా రెండూ పోల్చి చూసి, కంగారుపడాల్సింది ఏమీ లేదన్నారు. అభ్యంతరం పెట్టినవాడికి జవాబు నచ్చదనేది మా శాఖలో మొదటిరోజే నేర్పే పాఠం. నీటిగుంట గొడవ కాస్తా ఊళ్ళు పట్టుకు తిరిగింది.

చివరికి సెప్టెంబరు 7న గేమ్ వచ్చింది. మూడు రోజుల్లో 33 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. గుంట చిన్నదైందని ఏడ్చినవాళ్ళంతా ఆ 33 లక్షల్లో ఉన్నారని నేను ప్రమాణం చేసి చెప్పగలను. మా హాల్లో నలుగురూ ఉన్నారు. కంపెనీవాళ్ళకూ కడుపులో కాస్త చిలిపితనం ఉన్నట్టుంది. తర్వాత ఒక అప్‌డేట్‌లో, గేమ్‌లో ఫొటోలు తీసుకునేవాళ్ళు అంటించుకోవడానికి స్టిక్కర్లు ఇచ్చారు. దేని స్టిక్కర్లు? నీటిగుంటలవి. ఎక్కడ కావాలంటే అక్కడ, ఎన్ని కావాలంటే అన్ని గుంటలు మీరే వేసుకోండి నాయనా అని. ఆడిట్ అభ్యంతరానికి ఇంత అందమైన కంప్లయన్స్ రిపోర్టు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు.

గుంట తర్వాత బట్టలు. గేమ్‌లో వీరుడికి రెండు డజన్లకు పైగా సూట్లున్నాయి. అయినా 2002 సినిమాలో టోబీ మాగ్వైర్ వేసుకున్న సూటు అందులో లేదు. దర్శకుడు సామ్ రైమీ గనక దానికి రైమీ సూటని పేరు. కంపెనీవాళ్ళు ఏ కబురు చెప్పినా అభిమానుల నుంచి తిరుగుటపాలో ఒకటే ప్రశ్న: రైమీ సూటేదీ? మర్యాదగా అడిగినవాళ్ళు మర్యాదగానే అడిగారు, మిగతావాళ్ళు తిట్లతో కలిపి అడిగారు. “బట్టల కోసం మగపిల్లలు ఇంత యాగీ చేయడం ఇదే చూడ్డం” అని మా ఆవిడ ముక్కున వేలేసుకుంది. డిసెంబరులో, చెప్పాపెట్టకుండా, ఆ సూటు ఉచితంగా వచ్చిపడింది. ఆ రాత్రి మా హాల్లో దీపావళి. మర్నాటి నుంచి ఆండ్రూ గార్ఫీల్డ్ సినిమాలోని సూటు ఎందుకివ్వలేదన్న చర్చ మొదలైంది. (అదీ ఇచ్చారు, 2020లో. కొందరికి ఏమిచ్చినా ఆడిట్ పేరా, అంటే పెట్టిన అభ్యంతరం, డ్రాప్ చేయరు.)

సూట్ల సంగతి వచ్చింది గనక ఒకటి చెప్పకుండా ఉండలేను. ఈ గేమ్‌లో న్యూయార్క్ అంతా తిరిగి, ప్రతి పేటలోనూ ప్రతి పనీ నూటికి నూరు శాతం ముగించినవాడికి చిట్టచివర ఒక సూటు బహుమానంగా ఇస్తారు. మొహానికి ముసుగు, నడుముకు చెడ్డీ, మధ్యలో ఏమీ లేదు. కళ్ళజోడు కుర్రాడు నిద్రాహారాలు మాని అది సంపాదించి, తెల్లబోయి కూర్చున్నాడు. రిటైర్మెంట్ బెనిఫిట్లు అందుకున్నవాణ్ణి కదా, వాడి బాధ ఆ గదిలో నాకొక్కడికే తెలిసింది.

ఇంతమంది ఇన్ని కళ్ళేసుకుని చూశారు కదా, అసలు చూడాల్సింది ఒక్కరూ చూడలేదేమిటని నాకు అనిపించింది మాత్రం 2020 మార్చిలో. ప్లేస్టేషన్ 5 ఎలా తయారైందో చెబుతూ దాని రూపశిల్పి మార్క్ సెర్నీ ఒక ఉపన్యాసమిచ్చాడు. మావాడు వింటున్నాడు, నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ విన్నాను. పాత ప్లేస్టేషన్‌లో హార్డ్ డిస్క్ ఉంటుంది. పళ్ళెంలా తిరుగుతుంది, దానిమీద ఒక పుల్ల అటూ ఇటూ కదిలి సమాచారం ఏరుకొస్తుంది. స్పైడర్‌మ్యాన్ ఊగుతూ పోయే వేగానికి ముందున్న వీధి క్షణాల్లో సిద్ధం కావాలి. ఆ వీధిలో పోస్టుడబ్బా ఉందనుకోండి, దాని బొమ్మ కోసం పుల్ల డిస్కు ఆ చివరికి పోయి వచ్చేలోపు వీరుడు వీధే లేని చోటికి వచ్చి పడతాడు. అందుకని ఏం చేశారు? ఊరిని వెయ్యి దాకా ముక్కలు చేసి, ఏ ముక్కకు కావలసిన సరంజామా ఆ ముక్క పక్కనే పెట్టేశారు. దాంతో ఒకే పోస్టుడబ్బా, ఒకే వార్తాపత్రికల పెట్టె, డిస్కు మీద 400 సార్లు నమోదయ్యాయి.

నేను పేపరు దించేశాను. స్టాక్ రిజిస్టర్లో ఒకే వస్తువుకు 400 ఎంట్రీలు! మా రోజుల్లో ఇలాంటిది రెండుసార్లు కనిపిస్తేనే స్టోర్ కీపరు సస్పెండయ్యేవాడు. ఇక్కడ అదే మోసం, వీధి కళ్ళ ముందు సమయానికి నిలబడడానికి. ఇంతకంటే పాత తరంవాళ్ళకు ఈ పాటి వెసులుబాటు కూడా లేదు. 2000లో నెవర్‌సాఫ్ట్ వాళ్ళు చేసిన స్పైడర్‌మ్యాన్ గేమ్‌లో కింద వీధులు గీసే సత్తువ ఆ యంత్రానికి లేక, ఊరంతా విషపు పొగమంచు కమ్మిందని కథలోనే రాసేసుకున్నారు. వీరుడు మేడల మీదే తిరగాలి. వేసే సాలెగూటి దారం దేనికి అతుక్కుంటోందయ్యా అంటే ఆకాశానికి. 2004లో ట్రెయార్క్ వాళ్ళ స్పైడర్‌మ్యాన్ 2 వచ్చాకే ఆ దారం నిజంగా గోడకు అతుక్కోవడం మొదలైంది. పొగమంచు గురించి ఆ కాలపు కుర్రాళ్ళు గొడవ పెట్టారో లేదో గాని, మావాడైతే తప్పకుండా పెట్టేవాడు. పోనీ ఈ 400 పోస్టుడబ్బాల గురించైనా మెచ్చుకుంటారేమోనని నలుగురి ముందూ ఆ సంగతి ఎత్తాను.

“అవును అంకుల్, అందుకే కాబోలు గేమ్ సైజు అంతుంది. స్పేస్ వేస్ట్” అన్నాడు కళ్ళజోడు కుర్రాడు.

పని చేసేవాడి ఖర్మ అంతే. అతుకు కనిపించకుండా కుట్టినంత కాలం దర్జీ పేరు ఎవడూ తలచుకోడు. గుండీ ఒకటి ఊడితే ఇంటిముందుకొస్తారు.

2020 సెప్టెంబరు 30న అంతకంటే పెద్ద గుండీ ఊడింది. కొత్త ప్లేస్టేషన్ కోసం గేమ్‌కు మెరుగులు దిద్దుతూ ముసుగు వెనకున్న మన వీరుడు పీటర్ పార్కర్ మొహమే మార్చేశారు. గొంతిచ్చి నటించిన యూరీ లోవెంతాల్ ముఖ కవళికలకు పాత మోడల్ ముఖం కంటే కొత్త మోడల్ ముఖం బాగా సరిపోతుందని కారణం చెప్పారు. 23 ఏళ్ళవాడు ఇంటర్ చదివే పిల్లాడిలా తయారయ్యాడని మా హాలు అట్టుడికిపోయింది. క్రియేటివ్ డైరెక్టర్ బ్రయాన్ ఇంటిహార్‌కు బెదిరింపులు కూడా వెళ్ళాయని తెలిశాక మా నలుగురూ కాస్త తగ్గారు. తగ్గారు అంటే గొంతు తగ్గించి తిట్టారు. ఆ తర్వాత మైల్స్ మోరాలెస్ అనే ఇంకో స్పైడర్‌మ్యాన్ కథతో వచ్చిన గేమ్‌లో ఏకంగా క్రైస్లర్ భవనమే మాయమైంది. మొదటి గేమ్‌లో ఉన్నదే, హక్కుల అనుమతి చిక్కుల వల్ల రెండోదానిలో పెట్టలేకపోయారట. మొహం మారినందుకు చేసిన గొడవలో పదో వంతు కూడా 77 అంతస్తులు పోయినందుకు చేయలేదు. ఎందుకని అడిగితే, “అది బిల్డింగే కదా నాన్నా” అన్నాడు మావాడు. నీటిగుంట అంతకంటే ఎక్కువా అని అడగబోయి, పకోడీల పళ్ళెం అందుకున్నాను.

ప్లేస్టేషన్ 5 మన దేశానికి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది, అప్పటి ఖరీదు 49,990 రూపాయలు. మావాడు తన జీతంతోనే కొనుక్కున్నాడు గనక అభ్యంతరం చెప్పే అధికారం నాకు లేకపోయింది. దాని గొప్పతనం వాళ్ళకు అప్పటికి రెండేళ్ళుగా కంఠతా. 2019లోనే సెర్నీ వైర్డ్ పత్రికవాళ్ళ ముందు ఈ స్పైడర్‌మ్యాన్ గేమ్‌నే రెండు యంత్రాల మీదా నడిపించి చూపించాడు. ఊళ్ళో ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒక్కసారిగా వెళ్ళడానికి పాత యంత్రం 15 సెకన్లు తీసుకుంటే, కొత్తది 0.8 సెకనులో ముగించింది.

ఇక్కడే నాకు కడుపు మండింది. ఆ 15 సెకన్లలో ఏం జరిగేదో మీకు తెలియాలి. యంత్రం ఊరిని పేర్చుకునేలోపు మనకు తోచుబాటుకని సబ్‌వే రైలు చూపించేవారు. పూర్తి సూటులో, ముసుగుతో సహా, స్పైడర్‌మ్యాన్ మామూలు ప్రయాణికుల మధ్య సీట్లో కూర్చుని ఉంటాడు. పక్కవాళ్ళు వాళ్ళ పాటికి వాళ్ళు. లోకాన్ని కాపాడేవాడు, తన స్టేషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ, ఆఫీసుకెళ్ళే గుమాస్తాలా. ఎగరడాలు దూకడాలు నాకు కళ్ళు తిప్పుతాయి గాని, ఈ రైలు కోసం మావాడి పక్కన గంటలు కూర్చున్నాను. మొత్తం గేమ్‌లో నాకు నచ్చిన భాగం అదొక్కటే.

నలుగురూ 0.8 సెకను గురించి చెప్పుకుని మురిసిపోతుంటే, పెన్ను కాగితం తెప్పించుకుని రాసి, పైకి చదివాను: “పేరా 1. రైలు ప్రయాణం పద్దు కింద మునుపు 15 సెకన్లు చూపి, ప్రస్తుతం 0.8 సెకను మాత్రమే చూపినందున, మిగిలిన 14.2 సెకన్లు ఏ పద్దుకు మళ్ళించిరో, సదరు వ్యవధిలో వీరుడు రైలెక్కి దిగుటకు గల వీలేమిటో వివరణ కోరడమైనది.”

మావాడు తల పట్టుకున్నాడు. గుంటూరు కుర్రాడు పకపకా నవ్వాడు. కళ్ళజోడు కుర్రాడు మాత్రం నవ్వలేదు. కాగితం తీసుకుని ఇంకోసారి చదివి, “అంకుల్ పాయింట్ కరెక్టే రా” అని ఫోన్లో ఫొటో తీశాడు. చీకటి పడేసరికి మా హాల్లో రైలు ఉండాల్సిందేనన్న వర్గం ఒకటి, అక్కర్లేదన్న వర్గం ఒకటి తయారయ్యాయి. మా ఆవిడ పకోడీలు రెండు పళ్ళేల్లో వేరువేరుగా పెట్టాల్సి వచ్చింది.