పెళ్లికి ఎన్ని ‘ళ’లు?

జగ్గయ్యపేటలో రిటైరైన ఒక తెలుగు మాస్టారి కంప్యూటరు వారం రోజులుగా ఒకటే పాట పాడుతోంది: దొరకలేదు.

నెట్టు ఉంటే ఈ బాధ లేదు. ఆంధ్రభారతిలో ఒక్క మాట కొడితే శబ్దరత్నాకరం మొదలు బ్రౌన్ దాకా పెద్దలంతా వరసగా వచ్చి సాక్ష్యం చెబుతారు. ఆయనింటికి నెట్టు చుట్టపుచూపుగా వస్తుంది. అందుకని నిఘంటువు కంప్యూటర్లోనే కాపురముండాలని పట్టుబట్టారు. నందిగామలో డీటీపీ షాపు పెట్టుకున్న పాత శిష్యుడు గోల్డెన్‌డిక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరూ, 1852 నాటి బ్రౌన్ నిఘంటువూ, ఇంకో రెండూ పెన్‌డ్రైవులో వేసిచ్చాడు.

మాస్టారు ‘వెళ్ళాడు’ కొట్టారు. లేడు. నిఘంటువులో ఉండేది ‘వెళ్ళు’ మరి. ఇంగ్లీషు మాటకు తోకలు కత్తిరించి మూలం పట్టే ఏర్పాటు ఎప్పుడో వచ్చింది. మన క్రియ వేసే వేషాలు ఎవరు లెక్కపెట్టాలి? సరే, ‘వెళ్ళు’ కొట్టారు. అదీ లేదు. ఆ ఫైలు తయారుచేసినాయన ‘వెళ్లు’ అన్నాడట!

ఇక్కణ్ణుంచి కథ పెళ్లికార్డు మీదికి మళ్లింది. పోయినేడు మాస్టారి మనవరాలి కార్డులో ‘పెళ్ళి’ అని వేయాలని ఆయనా, ‘పెళ్లి’ చాలని వియ్యంకుడూ పంతానికి పోయారు. మాస్టారు బస్సెక్కి నందిగామ వెళ్లి ప్రూఫు దిద్దారు. మర్నాడు వియ్యంకుడు వెళ్లి మళ్లీ దిద్దాడు. మూడోనాడు శిష్యుడే ఫోను చేశాడు: “మాస్టారూ, ఎన్ని ‘ళ’లు వేసినా కార్డు రేటు ఒకటేనండీ!” చివరికి ‘శుభవివాహం’ అని వేసి రెండు వైపులా పరువు నిలబెట్టాడు.

కంప్యూటరుకు అంత లౌక్యమెక్కడిది? యూనికోడ్‌లో తెలుగుకిచ్చిన 128 గదుల్లో ల, ళ పక్కపక్కనే ఉన్నా పలకరింపుల్లేవు. బేతవోలుకు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేట అంటే జనం కిమ్మనకుండా అలవాటు పడ్డారు. ఒక్క వత్తు మారితే యంత్రం మొహం తిప్పేసుకుంటుంది. పైగా ‘సాఫ్ట్‌వేర్’ మాటలో ట్‌కీ వేకీ మధ్య కంటికి కనపడని అక్షరమొకటి దూరి ఉంటుంది. అది పడకపోతే సాఫ్ట్‌వేరుకే సాఫ్ట్‌వేర్ దొరకదు. శిష్యుడి షాపులో పాత ఫాంటుదైతే మరీ విడ్డూరం: పైకి తెలుగు, లోపల ఇంగ్లీషు గుర్తులు. తెచ్చి అతికిస్తే నిఘంటువు బెదిరిపోతుంది.

ఇంతకీ మాస్టారు వెతుకుతున్నది వేరే మాట. తూర్పారబట్టాక కళ్లంలో మట్టీ తాలూ కలిసి మిగిలే గింజల్ని నాన్న ఏదో అనేవాడు. గింజలు కళ్లముందే ఉన్నాయి, మాట జారిపోయింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వచ్చిన వ్యవసాయ పదకోశం చేతిలో ఉంటే, పేజీలు తిరగేస్తుండగా ఎక్కడో తగిలేదేమో. తెరమీది పెట్టె మాత్రం ముందు మాట చెప్పమంటోంది. నాన్నను అడుగుదామంటే ఆయన పోయి పదకొండేళ్లు.

మాస్టారు ‘కళ్ళం’ అని కొట్టారు. కాసేపాగి, ‘కళ్లం’ అని.