నన్ను కోనీ అంటారు

నేను విమానాన్ని. పూర్తి పేరు లాక్‌హీడ్ ఎల్-1649ఏ స్టార్‌లైనర్. కాన్‌స్టెలేషన్ వంశంలో ఆఖరి తరం. నన్నెరిగినవాళ్ళు ముద్దుగా కోనీ అని పిలుస్తారు. 1958లో కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో పుట్టాను. ఇప్పుడు న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో, ఒకప్పటి విమానసంస్థ టీడబ్ల్యూఏ పేరు పెట్టుకున్న హోటల్ భవనం వెనక నిలబడి, వచ్చినవాళ్ళకు పానీయాలూ చిరుతిళ్ళూ అందిస్తున్నాను.

ఎగరాల్సినది ఇలా అయిపోయిందే అని కొందరు జాలిపడతారు. జాలి వద్దు. మనుషుల్ని కూర్చోబెట్టి, కడుపునిండా పెట్టి, సముద్రాలు దాటించడానికే నన్ను చేశారు. మా రోజుల్లో ప్రయాణం ఎంత పొడుగో ఈ కాలంవాళ్ళకు ఊహకందదు. 1957 అక్టోబరులో మా స్టార్‌లైనర్ ఒకటి లండన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు 23 గంటల 19 నిమిషాలు ఎగిరింది. అంతసేపు ఆకాశంలో ఉన్న మనిషికి భోజనమే కాలక్షేపం, భోజనమే గడియారం. నాకు రైట్ కంపెనీ ఇంజన్లు నాలుగు, ఒక్కోదానికి 18 సిలిండర్లు. 150 అడుగుల కొత్త రెక్క పెట్టి ఇంజన్లను క్యాబిన్‌కు దూరంగా జరపడంతో లోపల ఆ హోరు కొంత తగ్గింది. పక్కవాళ్ళతో మాట్లాడుకుంటూ తినాలంటే ఆ మాత్రం నెమ్మది ఉండాలి కదా! అయినా ఎత్తుకు పోయేకొద్దీ గాలి పొడిబారుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, నాలుకకు ఉప్పూ తీపీ సరిగా ఆనవు. ఎంత బాగా వండి పంపినా పైన చప్పగానే తోచేది. ఇప్పుడు నేలమీద ఉన్నాను కాబట్టి నాలో తిన్నవాళ్ళకు అసలు రుచి తెలుస్తోంది. ఇది నాకు పెద్ద తృప్తి.

నేను పుట్టిన ఏడాదే, అక్టోబరు 26న, ప్యాన్ అమెరికన్ సంస్థ బోయింగ్ 707 జెట్‌ను న్యూయార్క్ నుంచి పారిస్‌కు నడిపింది. ఇంకేముంది, జనం జెట్ల వెంట పోయారు. కొద్ది ఏళ్ళకే నాలోని సీట్లు పీకేసి సరుకు నింపారు. అలాస్కా మంచులో సామాన్లు మోశాను. 1979లో వేలంలో నా ధర 150 డాలర్లు. ఆ తర్వాత గంజాయి మోసేవాళ్ళ చేతిలో పడ్డాను, హోండురాస్‌లో నన్ను వదిలేసి పోయారు. మొత్తానికి మెయిన్ రాష్ట్రం చేరి, తోబుట్టువుల పక్కన ఏళ్ళ తరబడి ఎండకూ మంచుకూ నిలబడ్డాను. దశాబ్దాలపాటు నాలో ఎవరూ పళ్ళెం ముందు కూర్చోలేదు. 150 డాలర్ల మాట కన్నా నన్ను బాధపెట్టింది అదే.

2018లో రెక్కలు విప్పి, లారీ మీద 300 మైళ్ళు దాటించి ఇక్కడికి తెచ్చారు. మరుసటి ఏడాది మార్చిలో టైమ్స్ స్క్వేర్ నడిబొడ్డున నిలబెట్టారు కూడా. ఈ హోటల్ భవనానిదీ నా కథే. వాస్తుశిల్పి ఈరో సారినెన్ గీసిన ఈ భవనం టీడబ్ల్యూఏ టెర్మినల్‌గా 1962లో తెరుచుకుంది, కానీ ఆయన అప్పటికే లేరు. జెట్లు పెద్దవైపోయి అది ఇరుకై, 2001లో మూతపడింది. 2019 మే 15న హోటల్‌గా మళ్ళీ తెరిచారు. నా పొట్టలో మళ్ళీ వెలుగు, గ్లాసుల మోత. కాక్‌పిట్‌ను మాత్రం కాక్‌పిట్‌గానే ఉంచినందుకు వాళ్ళకు రుణపడి ఉంటాను.

మీ దేశానికీ మా వంశం తెలుసు. 1948 జూన్ 8న బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్ళిన ఎయిర్ ఇండియా ‘మలబార్ ప్రిన్సెస్’ నాకు అక్క వరస. అందుకేనేమో, ఒకరోజు తెలుగు మాట వినపడితే చెవి అటే పోయింది. కూతురి దగ్గరికి వచ్చిన పెద్దాయన కిటికీ పక్కన కూర్చుని, నడుం దగ్గర బెల్టు కోసం వెతుక్కున్నారు.

“ఇది ఎగరదు నాన్నా, నింపాదిగా తినండి,” అందా అమ్మాయి.

“ఎగిరేటప్పుడు వంట ఎక్కడ చేసేవాళ్ళమ్మా ఇందులో?”

ఆ అమ్మాయికి తెలియలేదు. నేను చెప్పగలిగితే చెప్పేదాన్ని: ఇందులో వండేవాళ్ళు కాదు బాబుగారూ. కింద వండించి ఎక్కించుకునేవాళ్ళు, పైన వెచ్చబెట్టి వడ్డించేవాళ్ళు. ఆ వడ్డించేవాళ్ళు ఊగుతున్న నడవలో, వేడి పళ్ళేలు రెండు చేతులా పట్టుకుని నడిచేవాళ్ళు.