వెనుక సీటుకై ఒక విన్నపము

మోటారుసైకిలును గూర్చి ముచ్చటించువారెల్లరును ముందుగా దాని ఇంజను ఎన్ని సీసీలదనియు, పిదప లీటరు పెట్రోలునకు ఎన్ని కిలోమీటర్లు వచ్చుననియు విచారింతురే గాని, వెనుక కూర్చుండు ప్రాణియొక్క యోగక్షేమములను అడిగినవానిని నేనింతవరకు చూచి యెరుగను. నా మటుకు నాకు ఆ వాహనమునకు ఉత్తమాంగము వెనుక సీటే.

1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 మొదలుకొని 1994 నాటి స్ప్లెండరు వరకు ఆ బండ్లకు చదునైన పొడుగాటి సీటుండెడిది. దానిపై భార్యాభర్తలు, వారి నడుమ ఒక బాలుడు, ట్యాంకుపై ఒక బాలిక, హ్యాండిలుకు కూరగాయల సంచి, ఇంత సంసారమును పోలీసువారు అటు తిరిగియున్నంత మేరకు సుఖముగా సాగిపోయెడిది. నేటి శిల్పులకో, సీటును రెండు ఖండములు గావించి, రెండవ ఖండమును ఆకాశాభిముఖముగా లేపి, దాని వైశాల్యమును ఆవకాయ జాడీ మూతను మించనీయకుండుటయే సౌందర్యమని తోచినది. అట్టి బండిని షోరూములో ఆపాదమస్తకము పరికించి మా ఆవిడ, "దీనిమీద నేను కూర్చోవాలా, వేలాడాలా?" అని అడిగెను. "స్పోర్ట్స్ లుక్ మేడమ్" అని కుర్రవాడు వినయముగా విన్నవించెను. "లుక్కు సరే నాయనా, పట్టుకోడానికేముంది?"

ఆమె ఎరుగదు గాని, ఆ ప్రశ్న సాక్షాత్తు 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళిలోనిది. వెనుక కూర్చుండువారికి చేతిపట్టును, కాలు మోపుకొనుటకు ఆధారమును, బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రమును కనీసము సగము కప్పు రక్షణయు ఉండవలెనని అందలి 123వ నియమము శాసించుచున్నది. ఆ రక్షణకే శారీ గార్డని లోకవ్యవహారము. బ్రహ్మచారులు బండి కొన్ననాడే దానిని ఊడదీయించి అటకపై పడవేయుదురు. వివాహానంతరము అటక వెదకుదురు.

ఇక కిక్కు రాడ్డు. పాత బుల్లెట్టును స్టార్టు చేయుట ఒక వైదిక కర్మ: అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చువరకు మెల్లగా త్రొక్కి, డీకంప్రెసరు నొక్కి, ఇష్టదైవమును స్మరించి, అప్పుడు గదా కాలి బలము చూపవలయును; మంత్రలోపము జరిగెనా, రాడ్డు ఎదురుతన్ని పిక్క వాచిపోవును. 1961 నుండి మైసూరులో తయారైన జావాలోనైతే ఒకే రాడ్డు కిక్కుగను గేరుగను పనిచేసెడిది. ఇనుములో ఇంతకుమించిన అద్వైతమును నేను చూడలేదు. ఇప్పుడు మీట నొక్కిన చాలును. ఆ బ్యాటరీ కాస్తా పూర్తిగా చచ్చెనా, ఫ్యూయెల్ ఇంజెక్షను పంపు కదలదు గనుక, వీధివారందరు కలిసి తోసినను బండి పలుకదు.

నన్ను కేవలము ఛాందసుడనని భావింపవలదు. తడిరోడ్డుపై చక్రము బిగిసిపోనీయని ఏబీఎస్‌కు నేను చేతులెత్తి మ్రొక్కుదును. 125 సీసీలు మించిన బండ్లన్నిటికిని 2019 ఏప్రిలు నుండి దానిని తప్పనిసరి చేయుట ఉచితమే. 2017 నుండి ఇంజనుతోపాటు తానే వెలుగు హెడ్‌లైటును సైతము ఆమోదింతును, పట్టపగలు ఎదురుపడిన ప్రతి పుణ్యాత్ముడును పిడికిలి మూసి తెరచి "లైటు, లైటు!" అని హెచ్చరించుచుండగా, నవ్వుచు తలయూపుట అలవాటైపోయినది. బ్లూటూతు సంగతియే నాకు బోధపడదు. ఫోను చేయుచున్నదెవరో మీటరుపై కనబడునట. నాకు ఫోను చేయువారు నా వెనుక సీటుమీదనే ఉందురు గదా!

కావున, బండ్లు రూపించు మహాశయులారా, రంగులు మీ యిష్టము, స్టిక్కర్లు మీ యిష్టము. సీటు మాత్రము చదును చేయుడు, పట్టుకొనుటకు కమ్మీ ఇండు, మూల నెక్కడనైన ఒక కిక్కు రాడ్డు తగిలింపుడు. మా ఆవిడ కూర్చుండి చూచి సరేయన్న బండికే నేను అడ్వాన్సు కట్టెదను.